అసత్యము నిలిపిన రాతియిల్లు

మంచి ఫలమునిచ్చిన అసత్యమును ఏమని పిలువవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ద్రోణుని యెదుట ధర్మరాజు పలికిన మాటను గూర్చి మన పెద్దలు ఎన్ని తరములుగా తర్కించుచున్నారో లెక్క లేదు. అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచిన ఆయన రథము ఆ మాటతో నేలను తాకినదని వ్యాసుడు చెప్పినాడు. యుద్ధము గెలిచిన మాట నిజము. రథము దిగిన మాటయు నిజము. ఆ రెంటిలో ఏది బరువైనదో తూచు పనిని కవి మనకే విడిచిపెట్టినాడు.

అయితే ధర్మరాజునకు తాను పలుకుచున్నదేమో తెలియును. తెలియక పలికిన అసత్యము సంగతి ఏమి? ఒక మాటను నిజమేయని నమ్మి, పదిమందికి చెప్పి, ఆ నమ్మకము మీద ఒక మంచి పనిని నిలబెట్టిన పిమ్మట, ఆ మాట నిజము కాదని తేలినచో ఆ పని గతి ఏమి? దానిని నిలుపుకొన్నవారు సిగ్గుపడవలెనా, సంతోషింపవలెనా? ఈ చిక్కును విప్పుటకు తర్కగ్రంథములకంటె ముందుగా ఒక ఇంటి కథను చెప్పుకొనుట మేలని నా ఉద్దేశము. ఆ ఇల్లు రాతితో కట్టినది, ఇప్పటికిని నిలిచియున్నది. అమెరికా రాజధానియగు వాషింగ్టన్ నగరమున జార్జ్‌టౌన్ అను పాత పేటలో, ఎం వీధిలో ఉన్నది. దానికి పేరు కూడ ‘పాత రాతియిల్లు’ అనియే.

మన ఊళ్ళలో మంటపములు, మఠములు, కోటలు ఇన్ని ఉండగా సముద్రముల కావలి ఇంటితో మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. మనదైన కట్టడమును గూర్చి మాటలాడునప్పుడు అభిమానము అడ్డువచ్చును. పరాయివారి ఇంటి విషయమున త్రాసు సరిగా నిలుచును. అక్కడ తూచుట నేర్చుకొన్న తరువాత మన ఇంటికి రావచ్చును. పైగా నేడు ఆ నగర పరిసరములయందు తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. కుమారులను, కుమార్తెలను చూడబోయిన మన పెద్దలు ఆ వీధిలో నడచుచు, దుకాణముల నడుమ ఒదిగియున్న ఆ చిన్న రాతియింటిని చూచి వచ్చుచున్నారు. చూచినవారికి దాని కథ తెలియుట మంచిదే.

జార్జ్‌టౌన్ 1751లో మేరీలాండ్ సీమలో ఏర్పడిన రేవు పట్టణము. పొగాకు వర్తకము దానికి జీవనాధారము. అప్పటికి వాషింగ్టన్ నగరము లేదు. అమెరికా స్వతంత్ర దేశమును కాదు. 1764లో క్రిస్టఫర్ లేమన్ అను వడ్రంగి, పెన్సిల్వేనియా నుండి వచ్చినవాడు, అచట ఒక స్థలము కొని మరుసటి సంవత్సరము ఇల్లు కట్టుకొనెను. బీరువాలు, బల్లలు మున్నగు నాజూకైన కొయ్య సామాను చేయుట అతని వృత్తి. సమీపమున దొరకిన నీలివన్నె రాతితో రెండు మూడడుగుల మందమున గోడలు లేచినవి. పని చేసికొనుటయు అందులోనే, కాపురమును అందులోనే. మన కమ్మరి, వడ్రంగి ఇండ్లను ఎరిగినవారికి ఇది వేరుగా వివరింపనక్కరలేదు. కాని ఆ ఇంట నివసించు భాగ్యము అతనికి ఎంతోకాలము లేకపోయెను. 1765లోనే మరణించెను. భార్య రేచెల్ మరల వివాహమాడి, 1767లో ఇంటిని కసాండ్రా చ్యూ అను స్త్రీకి అమ్మెను.

ఒక స్త్రీ తన పేరుమీద ఇల్లు వాకిలి కలిగియుండుట ఆ కాలమున అక్కడ కూడ అరుదు. ఈమె చేతిలో ఇల్లు పెరిగినది. వెనుకవైపు వంటశాల వచ్చినది. పైన ఒక అంతస్తు, కొంతకాలమునకు మరియొక అంతస్తు వచ్చినవి. వడ్రంగి కొట్టము కలిగినవారి గృహమైనది. ఆమె తదనంతరము కుమార్తెకు చెందినది. వీధివైపు గది ఎప్పుడును ఏదో ఒక దుకాణముగానే ఉండెను. టోపీలు చేయువాడు, దర్జీ, తాళములు బాగుచేయువాడు, గడియారములు చేయువాడు, ఇండ్లకు రంగులు వేయువాడు, ఇట్లు 19వ శతాబ్ది అంతయు చేతిపనివారు ఒకరి వెనుక ఒకరు ఆ గదిలో కూర్చుండి పొట్టపోసికొనిరి. ఊరు మారినది, వీధి పేరు మారినది, 1871లో జార్జ్‌టౌన్ తన వేరు పాలనను కోల్పోయి రాజధానిలో కలిసిపోయినది. ఇల్లు మాత్రము అద్దెల మీద బ్రదుకుచు నిలిచినది. 20వ శతాబ్ది నడిమికి వచ్చుసరికి అది పాత కార్లు అమ్ము వ్యాపార సంస్థకు కార్యాలయము. వెనుక పెరడంతయు చదును చేసి, గచ్చు పోసి, అమ్మకపు కార్లను నిలుపుచుండిరి.

ఇంతవరకు చెప్పినదానిలో ఎవరైనను కాపాడదగినదని తలపోయు విషయము ఏది? ఒక వడ్రంగి, ఒక స్త్రీ, కొందరు అద్దెదారులు. చుట్టుపట్ల ఇట్టి ఇండ్లు అనేకము కూలినవి. వాని స్థానమున పెద్ద కట్టడములు లేచినవి. ఈ ఇల్లు మాత్రము ఎందుచేత మిగిలినది? ఇక్కడనే మన ప్రశ్న మొదలగును.

1791లో నూతన రాజధాని నిర్మాణమునకు పూనుకొన్నప్పుడు జార్జి వాషింగ్టన్ జార్జ్‌టౌన్‌కు వచ్చి, స్థలముల యజమానులతో సంప్రదించి, భూములను గూర్చి ఒప్పందము కుదుర్చుకొనెను. ఆ సమావేశములు జరిగినది జాన్ సూటర్ అనువాని పూటకూటి సత్రములో. ఆ సత్రము చాల కాలము క్రిందటనే కూలిపోయినది. సత్రపు యజమాని కుమారుడు, తండ్రి పేరే గలవాడు, గడియారములు చేయువాడు. రాతియింటి ముందుగదిని అద్దెకు తీసికొని దుకాణము పెట్టినది ఇతడే. రెండు తరములు గడచినవి. ‘సూటర్’ అను పేరు ఈ ఇంటిని అంటిపెట్టుకొని మిగిలినది. సూటర్ ఇల్లనగా సూటర్ సత్రమే కావలెను. సూటర్ సత్రమనగా వాషింగ్టన్ కూర్చున్న చోటే కావలెను. నగరమునకు రూపకల్పన చేసిన పియేర్ లాన్‌ఫాన్ తన పటములను పరచుకొన్న బల్ల ఇక్కడనే ఉండియుండవలెను. ఇట్లు ఒక మెట్టు మీద ఒక మెట్టుగా కథ పెరిగినది. ‘జార్జి వాషింగ్టన్ ముఖ్య స్థావరము’ అని వ్రాసిన బల్లను ఇంటికి తగిలించిరి. మోసము చేయవలెనని దీనిని పుట్టించిన మనిషి ఒకడు కానరాడు. తండ్రికి కొడుకునకు ఒకే పేరుండుట వలన పుట్టిన పొరపాటు ఇది.

ఆ పొరపాటే ఇంటికి కవచమైనది. దేశపితగా ఎన్నబడువాడు బసచేసిన ఇంటిని పడగొట్టుటకు ఎవరికి చేయి వచ్చును? 1950లో ఆ దేశపు శాసనసభ ఇంటిని కొనుటకు చట్టము చేసినది. 1953లో ప్రభుత్వము దానిని 90,000 డాలర్లకు కొనెను. పెరటిలోని గచ్చును పెకలించి తోట వేసిరి. 1960లో ఇల్లు ప్రజల సందర్శనమునకు తెరచిరి. పరిశోధకులు పత్రములను కూలంకషముగా పరిశీలించి, సూటర్ సత్రము ఇది కాదనియు, అది వేరొక చోట నుండెననియు తేల్చిరి. వాషింగ్టన్ ఇక్కడ బసచేసినట్లు ఆధారము లేదు. ఉన్నదల్లా వడ్రంగి కట్టుకొన్న ఇల్లు. నేడు ఆ ఇంటి సంరక్షకులు ఈ సంగతిని దాచక చెప్పుచున్నారు. రాజధాని నగరమున తన పునాదిమీద, తన రూపమున నిలిచిన అతిప్రాచీన గృహముగా దానిని చూపుచున్నారు.

ఇంతటితో కథ ముగిసినచో ‘పొరపాటు వలన మేలు కలిగినది, సంతోషము’ అని ఊరకుండవచ్చును. కాని అదే దేశమున, న్యూయార్క్ నగరములోని బ్రూక్లిన్‌యందు, అదే పేరుగల మరియొక ఇల్లు ఉన్నది. దానిని 1699లో డచ్చి వలసదారులైన వెఖ్ట కుటుంబమువారు కట్టుకొనిరి. 1776 ఆగస్టు 27న జరిగిన లాంగ్ ఐలాండ్ యుద్ధమున బ్రిటిషు సేన ఈ ఇంటిని ఆక్రమించగా, సుమారు 400 మంది మేరీలాండ్ సైనికులు మరల మరల దానిమీదికి ఉరికి, వాషింగ్టన్ సేనలో మిగిలిన భాగము తప్పించుకొని పోవుటకు వ్యవధి కల్పించిరి. వారిలో అనేకులు ప్రాణములు విడిచిరి. ఇది పుక్కిటి పురాణము కాదు, చరిత్ర. మరి ఆ ఇంటికి ఏమైనది? చేతులు మారినది, పొలమునకు నడుమ పాడుపడినది, 1883 ప్రాంతమున బేస్‌బాల్ ఆటగాండ్రకు విడిదిగది అయినది, 1897 నాటికి నేలమట్టమైనది. పునాది మీద మట్టి కప్పిరి. 1930వ దశకమున త్రవ్వి తీసిన రాళ్ళు కొన్ని కలిపి, దాని పోలికగా మరల ఒక ఇంటిని కట్టిరి. ఇప్పుడు అక్కడ చూచునది ఆ మరుకట్టడమునే.

నిజము గల ఇల్లు కూలినది. నిజము కాని పేరు గల ఇల్లు నిలిచినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మనస్సు కలత చెందకపోదు. సత్యమే జయించునని పిల్లలకు పాఠము చెప్పు నావంటివారు ఇట్టి చోట్ల కొంత ఆగవలసియున్నది. సత్యము తనంతట తాను రాళ్ళను నిలిపియుంచదు. దానిని ఎరిగినవారు, ఎరిగి చేయి వేయువారు ఉండవలెను. బ్రూక్లిన్‌లో సత్యమునకు కొదువ లేదు. దానిని పట్టించుకొన్నవారికే కొదువ.

మన దర్శనములలో ఈ విషయమును ముట్టుకొన్న దృష్టాంతమొకటి ఉన్నది. విద్యారణ్యులు పంచదశిలోని ధ్యానదీప ప్రకరణమున సంవాదిభ్రమ, విసంవాదిభ్రమ అని రెండు విధములైన భ్రాంతులను చెప్పినారు. అంతకు శతాబ్దములకు పూర్వమే బౌద్ధతార్కికుడైన ధర్మకీర్తి ఈ ఉదాహరణమును వాడినాడు. ఒక గదిలో దీపమున్నది. దాని వెలుగు వాకిటి సందున వెలువడుచున్నది. వేరొక గదిలో మణి ఉన్నది. దాని కాంతియు అట్లే వెలువడుచున్నది. దూరమునుండి చూచిన ఇద్దరు ఆ వెలుగులనే మణులనుకొని పరుగెత్తిరి. ఇద్దరిదియు భ్రాంతియే, ఎందుచేతననగా వెలుగు మణి కాదు. కాని దీపపు వెలుగు వెంట పోయినవానికి మణి దొరకలేదు. మణికాంతి వెంట పోయినవానికి దొరకినది. ఫలించిన ఈ రెండవ భ్రాంతి సంవాదిభ్రమ.

రాతియింటి కథను విన్నవెంటనే చదువుకొన్నవారెవరైనను ‘ఇది సంవాదిభ్రమకు చక్కని ఉదాహరణము’ అందురు. నిదానించి చూచినచో కాదు. దృష్టాంతములో మణిని కోరినవానికి మణియే దొరకినది. ఇక్కడ జనులు కోరినది వాషింగ్టన్‌ను, దొరకినది వడ్రంగిని. దీపపు వెలుగు వెంట పోయినవానివలె వట్టి చేతులతోను రాలేదు. మణికాంతి వెంట పోయినవానివలె కోరినదానిని తెచ్చుకొనను లేదు. తాము వెదకని వస్తువేదో చేతికి వచ్చినది. అది మణియా, గాజుపూసయా? ఆ వస్తువు విలువను మనము ఏమని కట్టుదుమో దానిని బట్టియే ఆ భ్రాంతి ఫలించినదో లేదో చెప్పగలము. పండితుల దృష్టాంతము మనలను ఇంతవరకు తెచ్చి విడిచిపెట్టినది. ఇక్కడినుండి మనమే నడువవలెను.

వడ్రంగి ఇంటి విలువ ఎంత?

ఈ చోట మన భాషలోని చిన్న వ్యాకరణ విశేషమును మనవి చేయుదును. ‘కట్టుట’ వేరు, ‘కట్టించుట’ వేరు. రెండవది ప్రేరణార్థకము. మన శాసనములు చదివినచో గుడి కట్టించెను, చెరువు త్రవ్వించెను, కంబము నిలిపించెను అని ప్రేరణార్థక క్రియలే ఎదురగును. త్రవ్వినవాడు, మోసినవాడు, చెక్కినవాడు ఆ చిన్న ‘ఇంచు’ ప్రత్యయము వెనుక దాగియుందురు. ఏ పాత కట్టడము నొద్దకు పిల్లలను తీసికొనిపోయినను వారు అడుగు మొదటి ప్రశ్న ‘దీనిని ఎవరు కట్టించినారు?’ అని. ఎవరు కట్టినారని అడుగు పిల్లవానిని నేను ఇంతవరకు చూడలేదు. తప్పు పిల్లలది కాదు. మనము వారికిచ్చిన పుస్తకములలోని క్రియాపదములు అట్టివి. ఈ రాతియింటి విశేషమంతయు ఇందులోనే ఉన్నది. దీనిని ఎవడును కట్టించలేదు. తన కొరకు తాను కట్టుకొన్నాడు. తెలుగు వ్యాకరణము ప్రకారము ‘కొను’ చేరిన క్రియ ఇది, ఆత్మార్థకము. ప్రపంచమున కట్టించినవారి కట్టడములు బహుళముగా మిగిలినవి. కట్టుకొన్నవారి ఇండ్లు అరుదుగా మిగిలినవి. కోటలకు కాపలా ఉండును, గుడులకు పూజ ఉండును, పనివాని ఇంటికి ఏమున్నది? రెండువందల యేబది ఏండ్లు దాటిన పనివాని ఇల్లు ఒక మహానగరమున నిలిచియుండుట, రాజమందిరము నిలిచియుండుటకంటె వింత.

కనుక దొరకినది మణియే. అయితే దాని వెల తెలిసినవారు 1950లో ఎందరున్నారు? బహు కొద్దిమంది. అందుచేత ఆ మణికి వాషింగ్టన్ పేరుతో పూత పూయవలసి వచ్చినది. ఇక్కడ నాకు తోచునదేమనగా, పేరు తారుమారైనది చిన్న పొరపాటు. గొప్పవాని పాదము సోకిననే ఇంటికి విలువ, లేనిచో అది రాళ్ళ కుప్ప, అను తూనికయే పెద్ద పొరపాటు. మొదటిదానిని పరిశోధకులు కొద్ది సంవత్సరములలో సరిదిద్దిరి. రెండవది వారి దేశమున కాని, మన దేశమున కాని పూర్తిగా సరికాలేదు. రెండవ పొరపాటు లేనిచో మొదటిదాని అవసరమే ఉండదు. మంచి ఫలము అసత్యము వలన కలిగినదని మనము ఆశ్చర్యపడుచున్నాము. నిజమునకు ఒక అసత్యము మరియొక అసత్యమునుండి ఆ ఇంటిని కాపాడినది.

ఇందుకు ఒక ఆక్షేపణ ఉన్నది. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. 1940లో ఒక పరిశోధకుడు పాత దస్తావేజులు చదివి, ఇది సూటర్ సత్రము కాదని నిశ్చయముగా తెలిసికొన్నాడనుకొందము. ఆ సంగతిని వెంటనే ప్రకటించవలెనా? ప్రకటించినచో కవచము తొలగును. స్థలమునకు గిరాకి గల వీధి అది. ఇల్లు కూలుట దాదాపు ఖాయము. ప్రకటింపక ఊరకున్నచో ఇల్లు నిలుచును, కాని తెలిసియు మౌనము వహించిన దోషము అతనిని అంటును. ఇంటిని కొని భద్రపరచిన తరువాత నిజము చెప్పుట సులభము. అందువలన కలుగు నష్టమేమియు లేదు. నష్టము కలుగు కాలమున చెప్పుటయే కష్టము.

ఈ చిక్కునకు ‘కొంతకాలము ఊరకుండుట యుక్తము’ అని లౌక్యులు సమాధానము చెప్పుదురు. నేను ఒప్పుకొనను. మౌనమునకు గడువు ఉండదు. నేడు ఇంటి కొరకు, రేపు చందాల కొరకు, ఎల్లుండి పరువు కొరకు అది పొడిగించబడును. చివరకు నిజము ఎరిగినవాడు కథకు కావలివాడగును. అయితే నిజము చెప్పి చేతులు దులుపుకొని పోవువానిని కూడ నేను మెచ్చుకొనను. ‘ఇది వాషింగ్టన్ ఇల్లు కాదు’ అనునది సగము వాక్యము. ‘మరి ఎవరిది, ఎందుకు నిలుపవలెను’ అనునది మిగిలిన సగము. మొదటి సగము చెప్పి రెండవది చెప్పనివాడు పాత దూలమును లాగివేసి క్రొత్త దూలమును ఎత్తనివాని వంటివాడు. ఆ పరిశోధకుడు దస్తావేజుతోపాటు లేమన్ కథను, చ్యూ కథను, అద్దెదారుల కథను పట్టుకొని ఇంటింటికి తిరిగి చెప్పవలెను. అట్లు తిరిగినను ఇల్లు నిలువక పోవచ్చును. నిజము చెప్పినవారికి ఎల్లప్పుడు మేలే జరుగునని నేను మాట ఇయ్యలేను. బ్రూక్లిన్ ఇల్లు ఎదుటనే ఉన్నది.

ఇంకొక సంగతి. వాషింగ్టన్ కథ వడ్రంగిని మాత్రమే కప్పివేయలేదు. జార్జ్‌టౌన్ పొగాకు రేవు అని పైన చెప్పితిని. పొగాకు పండించినవారు, రేవునకు దొర్లించినవారు, ఆ ఊరి కలిగినవారి ఇండ్లలో వంట వండినవారు ఎక్కువగా బానిసలు. ఆ నగరమున బానిసత్వము 1862 ఏప్రిల్ 16న గాని చట్టము చేత రద్దు కాలేదు. ఇల్లు కట్టిన నాటినుండి దాదాపు నూరేండ్లు ఆ వీధిలో మనుష్యులను కొనుట, అమ్ముట న్యాయసమ్మతము. వారిని గూర్చి ఎవడును అబద్ధపు కథనైనను అల్లలేదు. వడ్రంగి పేరు దస్తావేజులో మిగిలినది. స్థలము కొన్నాడు గనుక. కొనదగిన వస్తువుగా లెక్కింపబడినవారి పేర్లు మిగులుట కష్టము. ‘ఎవరు కట్టించినారు’ నుండి ‘ఎవరు కట్టినారు’ వరకు వచ్చితిమి గదా, ఇంకను ఒక మెట్టు దిగి, ‘ఎవరు ఊడ్చినారు, ఎవరు నీళ్ళు మోసినారు’ అని అడిగినప్పుడు గాని ఇంటి చరిత్ర పూర్తి కాదు.

ఇక మన ఇంటికి వత్తము. హంపీలో ‘రాణుల స్నానఘట్టము’, ‘పద్మమహలు’ అని చూపు కట్టడములకు ఆ పేర్లు విజయనగరపు రాజులు పెట్టినవి కావు. 1565లో నగరము పాడుపడిన చాల కాలమునకు తరువాతివారు ఊహించి పెట్టినవి. మహాబలిపురమున పల్లవుల కాలపు ఏకశిలా నిర్మాణములు పాండవుల పేర, ద్రౌపది పేర ప్రసిద్ధములు. పాండవులకు వానితో ఏ సంబంధమును లేదు. జనులకు రాజులన్నను, పురాణపురుషులన్నను ఇంత మోజు ఎందుకని విసుగుకొనువారికి పాలంపేట రామప్పగుడిని చూపవలెను. దానిని 1213లో కట్టించినవాడు రేచర్ల రుద్రుడని శాసనము చెప్పుచున్నది. ‘రామప్ప’ యనునది గుడిని చెక్కిన శిల్పి పేరని జనుల వాడుక. శిల్పి పేరు రామప్ప యనుటకు శాసనాధారము లేదు. అయినను జనులు సేనాని పేరును మరచి, పనివాని పేరని తాము నమ్మినదానిని ఎనిమిది వందల ఏండ్ల గుడికి నిలుపుకొనిరి. 2021లో ఐక్యరాజ్యసమితి సంస్థ ఆ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినప్పుడును లోకమునకు తెలిసినది ఆ పేరే. ఇది కూడ ఆధారము లేని కథయే. కాని జార్జ్‌టౌన్ కథ పనివానిని చెరిపి గొప్పవానిని కూర్చుండబెట్టగా, ఈ కథ గొప్పవానిని ప్రక్కకు జరిపి పనివానిని కూర్చుండబెట్టినది. రెండును ఒకటే యని నేను అనజాలను. అయినను పిల్లలు అడిగినప్పుడు శాసనమున ఏమున్నదో, వాడుకలో ఏమున్నదో వేరువేరుగా చెప్పుదును. నా మనస్సునకు నచ్చిన కథయని దానికి మినహాయింపు ఇయ్యను.

మన పల్లెలలో పాత రాతి కట్టడములకు ఇట్టి గతులే పట్టుచున్నవి. ఒకప్పటి విడిది మంటపము వీధిబడి అయినది. బడి పోయి ధాన్యపు కొట్టు అయినది. కొట్టు పోయి పంచాయతీవారి సామాను గది అయినది. మఠముల వెనుక పాత రాతి మాళిగలు పశువుల కొట్టములై, వంటశాలలై, నేడు తాళములు పడియున్నవి. వాని పూర్వోత్తరములను గూర్చి ఎవరిని అడిగినను ఫలానా ప్రభువు విడిది చేసెనని మొదలుపెట్టుదురు. అట్టి మాటను విన్నవెంటనే వాదమునకు దిగవద్దు. అది మన ఇంటికి కూడ కవచమై యుండవచ్చును. కాని ఇంటిలో పాత లెక్కల కట్టలు, దానపత్రములు, కౌళ్ళు ఉన్నచో వానిని చెదలకు వదలక తీసి చదివించవలెను. వృద్ధులు ఉండగానే ఆ గదిలో ఎవరు నివసించిరో, ఏ పని చేసిరో అడిగి వ్రాసికొనవలెను. మఠమునకు సున్నము వేయించినవారి పేరు పాలరాతి పలకపై ఉన్నది. వేసినవాని పేరు కనీసము ఒక కాగితము మీద నుండవలెను.

జార్జ్‌టౌన్ ఇంటిలో ఇప్పుడు వాషింగ్టన్ బల్ల లేదు. గడియారము చేసిన చిన్న సూటర్ పనితనము మాత్రము ఒకటి ఉన్నది. అతడు చేసిన నిలువు గడియారమును ఆ ఇంటనే ఉంచిరి. ఇంత గందరగోళమునకు కారణమైన పేరు అతనిది. వచ్చినవారికి ఆ గడియారమును చూపి, తండ్రి ఎవరో, కొడుకు ఎవరో, ఒకరి పేరు మరియొకరికి ఎట్లు అంటుకొన్నదో, దాని వలన ఇల్లు ఎట్లు మిగిలినదో, ఆ పొరపాటును కూడ ఇంటి చరిత్రలో ఒక భాగముగానే చెప్పుచున్నారు. దయ్యము లున్నవని మాత్రము కొందరు ఇంకను చెప్పుకొనుచున్నారట. ఆ కథను సరిదిద్దుటకు దస్తావేజులు చాలవు.